కారు మీద పసుపు స్టిక్కర్ పడిందా? ఆస్ట్రేలియాలో డిఫెక్ట్ నోటీసు క్లియర్ చేయించుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మెల్‌బోర్న్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొన్న మూడో నెలలో నా కారు అద్దం మీద పసుపు స్టిక్కర్ పడింది. కారులో నియమాలకి సరిపోని లోపం ఉంది, సరిచేయించుకో అని ఇచ్చే డిఫెక్ట్ నోటీసుకి గుర్తు అది. స్ప్రింగులు నేను మార్చలేదు. సైలెన్సర్ నేను మార్చలేదు. టింట్, అంటే అద్దాల నల్ల ఫిల్మ్, కూడా నేను వేయించింది కాదు. అన్నీ నాకు కారు అమ్మినతను చేయించుకున్నవే. అదే మాట పోలీసు ఆఫీసర్‌కి చెబితే ఆయన ఓపిగ్గా విని, "ఇప్పుడు నడుపుతున్నది మీరే కదా" అన్నారు. అక్కడితో నాకు విషయం అర్థమైంది. ఎవరు మార్పించారన్నది ఈ చట్టానికి అక్కర్లేదు. ఈ రోజు రోడ్డు మీద ఆ కారు ఎలా ఉందన్నదే లెక్క.

మెల్‌బోర్న్‌లో టార్నీట్, ట్రుగనీనా, వెర్రిబీ వైపు, సిడ్నీలో హారిస్ పార్క్, వెస్ట్‌మీడ్ వైపు ఉండే మన పిల్లలు చాలామంది ఇలాగే మాడిఫై చేసిన పాత కారు చవకగా వస్తోందని కొనుక్కుంటారు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో కారుకి ఏటేటా తనిఖీ ఉండదు. అందుకే ఒకసారి చేతులు మారిన కారులో పాత మార్పులు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి, ఏదో ఒక రాత్రి పోలీసులు ఆపేవరకు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో ఐదేళ్లు దాటిన కారుకి ఏటా పింక్ స్లిప్ తనిఖీ ఉంటుంది కాబట్టి అక్కడ కొన్ని ముందే బయటపడతాయి. నాకు బాగా తెలిసింది విక్టోరియా పద్ధతి. మిగతా రాష్ట్రాల తేడాలు చివర్లో చెబుతాను.

మొదటి పని: రోడ్డు పక్కన ఆపినప్పుడు

ఇంజిన్ ఆపండి, కారు లోపలి లైటు వేయండి, చేతులు స్టీరింగ్ మీద ఉంచండి. లైసెన్స్ అడిగితే ఇవ్వండి. బానెట్ తెరవమంటే తెరవండి.

మన దగ్గర అలవాటుగా వచ్చే రెండు పనులు ఇక్కడ అస్సలు చేయకండి. ఒకటి, "సార్, ఈసారికి వదిలేయండి" అని పదిసార్లు బతిమాలడం. దానివల్ల ఏమీ మారదు. రెండోది, డబ్బు మాట ఎత్తడం. అది నేరం. వీసా మీద ఉన్నవాళ్లకి దాని పర్యవసానం డిఫెక్ట్ నోటీసుకన్నా చాలా పెద్దది.

ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి: "ఏయే అంశాలు రాస్తున్నారు, ఒక్కొక్కటీ చూపిస్తారా?" అప్పుడు చూపించిన చోటల్లా ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఇది నేను చేయలేదు. మూడు అంశాలే అనుకుని సరిచేయించాను. నాలుగో వరుస రాత కలిసిపోయి చదవలేకపోయాను. తనిఖీలో ఆ నాలుగోదే నన్ను ఆపింది, ఇంకో వారం పోయింది.

కొలతల గురించి అక్కడ వాదించవద్దు. ఆఫీసర్ పొరపాటు పడ్డారని మీకు అనిపించినా ఆ చీకట్లో రుజువు చేయలేరు. దానికి వేరే దారి ఉంది, కింద చెబుతాను.

రెండో పని: కాగితాన్ని వరుస వరుసగా చదవడం

ఇంటికెళ్లాక ముందు నాలుగు విషయాలు వెతకండి. కారు నడపవచ్చా లేదా, ఎప్పటిలోగా సరిచేయాలి, ఏమేం లోపాలు రాశారు, క్లియర్ చేయడానికి ఏ రుజువు అడిగారు.

లోపం చిన్నదైతే సాధారణంగా గడువు దాకా కారు నడుపుకోవచ్చు. పెద్దదైతే రోడ్డు మీదికి తీయకూడదు, లేదా నోటీసులో రాసిన షరతుల ప్రకారమే తీయాలి. అలాంటప్పుడు "దగ్గరే కదా" అనుకోకుండా టో ట్రక్ పిలిపించండి. నోటీసు వేరు, ఫైన్ వేరు అని కూడా గుర్తుపెట్టుకోండి. ఫైన్ కట్టేస్తే నోటీసు పోదు, లోపం సరిచేస్తే ఫైన్ పోదు. రెండూ వస్తే రెండూ విడివిడిగా తేల్చుకోవాలి.

మా రూమ్‌లో ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, ఆ స్టిక్కర్ పీకేస్తే ఏమవుద్ది?" అని. స్టిక్కర్ పీకినా రికార్డు ఎక్కడికీ పోదు, దాన్ని తీసే అధికారం మనకి లేదు కాబట్టి పీకడం ఇంకో తప్పవుతుంది. గడువు దాటినా సరిచేయకపోతే రిజిస్ట్రేషన్ సస్పెండ్ అయ్యే దాకా వెళ్తుంది. రెగో, అంటే రిజిస్ట్రేషన్, లేని కారుతో ప్రమాదం జరిగితే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేం.

మూడో పని: ప్రతి లోపాన్నీ మూడు గడుల్లో ఒకదానిలో వేయడం

ఒక తెల్ల కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటిది "కంపెనీ భాగం తిరిగి పెట్టేయడం". రెండోది "మామూలు రిపేరు", అంటే అరిగిన టైర్లు, కారే ఆయిల్, పగిలిన లైటు వంటివి. మూడోది "ఉంచుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవడం".

చదువుకుంటున్నవాళ్లు, చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు వీలైనంత వరకు మొదటి గడినే నింపండి. ఇంజినీర్ సర్టిఫికెట్‌కి వందల డాలర్లవుతాయి. పాత కంపెనీ స్ప్రింగుల జత, కంపెనీ సైలెన్సర్ తుక్కు యార్డుల్లో అంతకన్నా చాలా చవకగా దొరుకుతాయి. కారు మీద నిజంగా మోజుండి, ఆ మార్పు ఉంచుకోవాలనుకునేవాళ్లకే మూడో గడి. ఆ మోజు తప్పని నేననను. కాగితంతో ఉంచుకోండి అంటాను.

ఇప్పుడు ఎక్కువగా పట్టుబడే అంశాలు. ఈ లెక్కలకి మూలం వీఎస్‌బీ 14 అనే జాతీయ కోడ్, విక్టోరియాలో దాని పక్కన వీఎస్‌ఐ 8 అనే గైడ్. రెండూ ఆన్‌లైన్‌లో ఉచితం. నోటీసు పడ్డ రాత్రే డౌన్‌లోడ్ చేసి, మీ లోపాల పేజీలు మాత్రం చదవండి.

కారు ఎత్తు

దించిన కారుకి నేల నుంచి కనీసం 100 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. చాలామంది ఖాళీ కారుని కొలిచి "105 ఉంది, చాలు" అనుకుంటారు. నలుగురు కూర్చుని, డిక్కీలో బియ్యం బస్తా పెడితే అదే కారు ఇంకా దిగుతుంది. కాబట్టి 100కి అంచున ఉంచుకోవద్దు.

నేలతో ఖాళీ ఒక్కటే చూస్తే సరిపోదు. సస్పెన్షన్ పైకి నొక్కుకునే ప్రయాణంలో మూడో వంతుకన్నా ఎక్కువ తగ్గించకూడదు. అది తగ్గితే గుంతలో పడ్డప్పుడు సస్పెన్షన్ అడుగు తగిలి, చక్రం రోడ్డు మీద పట్టు కోల్పోతుంది. కోసిన స్ప్రింగులతో ఇంకో ప్రమాదం ఉంది. కారుని జాక్ మీద ఎత్తి చక్రం పూర్తిగా వేలాడదీసినప్పుడు స్ప్రింగు తన గూట్లోనే బిగుతుగా ఉండాలి. వదులై కదిలిందంటే తనిఖీలో ఫెయిల్. వేడి చేసి వంచిన స్ప్రింగుల గురించి ఆలోచించనే వద్దు.

ఫోర్ వీల్ డ్రైవ్ బండిని ఎత్తు పెంచుకున్నవాళ్లకి లెక్క ఇలా ఉంటుంది: సస్పెన్షన్‌తో 50, పెద్ద టైర్లతో 25, మొత్తం 75 మిల్లీమీటర్ల వరకు సర్టిఫికెట్ లేకుండా చెల్లుతుంది. టైరు వ్యాసం 50 పెరిగితే కారు లేచేది అందులో సగమే, అందుకే ఆ 25. సస్పెన్షన్ వల్ల ఎంత లేచిందో తెలియాలంటే నేల నుంచి కొలవకండి. చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డ్ అంచు దాకా కొలవండి. టైరు సైజు ఆ కొలతని మార్చదు.

చక్రాలు, టైర్లు

ఇక్కడ పెన్ను, కాలిక్యులేటర్ ఉంటే చాలు, ఎవరినీ అడగక్కర్లేదు. మామూలు కారులో టైరు మొత్తం వ్యాసం కంపెనీ చెప్పిన పెద్ద సైజుకన్నా 15 మిల్లీమీటర్లకి మించి పెరగకూడదు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. కంపెనీ సైజు 205/55ఆర్16 అనుకోండి. టైరు వెడల్పు 205 మిల్లీమీటర్లు, అందులో 55 శాతం పక్క గోడ ఎత్తు, అంటే 112.75. పైనా కిందా కలిపి రెట్టింపు 225.5. రిమ్ 16 అంగుళాలంటే 406.4. మొత్తం 631.9. ఇప్పుడు 225/45ఆర్17 వేస్తే 634.3 వస్తుంది, తేడా రెండున్నర లోపే, కాబట్టి పరవాలేదు. కానీ 215/55ఆర్17 వేస్తే 668.3. తేడా 36 దాటింది, కుదరదు. రెండూ 17 అంగుళాలే, చూపుకి తేడా కూడా పెద్దగా తెలియదు. నోటీసు మాత్రం ఒకదానికే పడుతుంది.

ఆఫ్‌సెట్, అంటే రిమ్ మధ్య గీత నుంచి దాన్ని కారుకి బిగించే చోటు దాకా ఉన్న దూరం, ఇంకో చిక్కు. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం కారుకి 25 మిల్లీమీటర్లకి మించి పెరగకూడదు. కంపెనీ రిమ్ ఆఫ్‌సెట్ 45 ఉండగా మీరు 30ది వేస్తే ఒక్కో చక్రం 15 బయటికొస్తుంది. రెండు పక్కలా కలిపితే 30, పరిమితి దాటినట్టే. 35ది వేస్తే మొత్తం 20, చెల్లుతుంది. చక్రాన్ని బయటికి జరపడానికి దాని వెనక పెట్టే స్పేసర్ బిళ్లలు, కంపెనీ ఇచ్చినవి కాకపోతే మాత్రం, ఎంత సన్నవైనా వద్దు. టైరు మడ్‌గార్డ్ దాటి బయటికి కనబడకూడదు. టైరు గాడి 1.5 మిల్లీమీటర్లకన్నా తక్కువుండకూడదు. మోసే బరువు రేటింగ్ డ్రైవర్ తలుపు దగ్గరి ప్లకార్డులో ఉన్నదానికి తగ్గకూడదు.

సైలెన్సర్ శబ్దం

1983 నవంబర్ తర్వాత తయారైన పాత తరం కార్లకి నిలబెట్టి కొలిచే శబ్దం 90 డెసిబెల్స్ దాటకూడదు. 2005 ప్రాంతం నుంచి వచ్చిన ఏడీఆర్ 83 అనే జాతీయ శబ్ద నియమం కింది కార్లకి అందరికీ ఒకే అంకె ఉండదు. ఒక్కో మోడల్‌కి తయారీ సమయంలో నమోదైన అంకె ఉంటుంది, దానిమీద 5 డెసిబెల్స్ వరకు సడలింపు. అందువల్ల కొత్త కారుకి పరిమితి 90కన్నా తక్కువే కావచ్చు. "90 లోపే ఉంది కదా" అని ధీమాగా వెళ్లి తిరిగొచ్చినవాళ్లున్నారు.

పొగ గొట్టం చివర నుంచి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు పెట్టి, ఇంజిన్‌ని నిర్ణీత వేగానికి పెంచి కొలుస్తారు. ఫోన్ యాప్‌ని నమ్మకండి. డెసిబెల్ లెక్కలో 3 పెరిగితే శబ్ద శక్తి రెట్టింపు అవుతుంది. ఫోన్ మైకు పొరపాటు అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. విక్టోరియాలో పర్యావరణ సంస్థ ఈపీఏ నుంచి శబ్ద పరీక్ష నోటీసు విడిగా కూడా రావచ్చు. అలా వస్తే వాళ్లు గుర్తించిన టెస్టర్ దగ్గరే చేయించాలి.

పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి ఖాళీ గొట్టం పెట్టిన కారుకి సర్టిఫికెట్ దారి లేదు. తిరిగి పెట్టించాల్సిందే.

టింట్

ముందు పక్క అద్దాల్లోంచి కనీసం 35 శాతం వెలుతురు రావాలి. ఇక్కడ మనవాళ్లు పడే గోతి ఒకటుంది. షాపులో "35 శాతం ఫిల్మ్" అడిగి వేయించుకుంటారు. కానీ కంపెనీ అద్దమే కొంత వెలుతురుని ఆపుతుంది. అద్దం 75 శాతం వదిలితే, దానిమీద 35 శాతం ఫిల్మ్ వేస్తే, మిగిలేది 26 శాతమే. మీటరు కొలిచేది రెండూ కలిపి. 50 శాతం ఫిల్మ్ వేస్తే 37 దాకా ఉంటుంది. షాపు వాళ్లని ఫిల్మ్ అంకె కాకుండా, వేశాక మీటరు మీద వచ్చే అంకెని బిల్లు మీద రాసివ్వమనండి.

2012లో సుప్రీం కోర్టు తీర్పు తర్వాత హైదరాబాద్‌లో, విజయవాడలో ట్రాఫిక్ పోలీసులు నల్ల ఫిల్ములు పీకించడం చూసినవాళ్లకి ఇక్కడ ఫిల్మ్‌కి అనుమతి ఉండటం సడలింపులా అనిపిస్తుంది. అనుమతి ఉంది, కొలత కూడా ఉంది.

లైట్లు, మిగతావి

హాలోజెన్ బల్బు కోసం చేసిన డోమ్‌లో ఎల్ఈడీ, హెచ్ఐడీ బల్బు పెడితే వెలుతురు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. పాత బల్బు తిరిగి పెట్టేయండి, పది నిమిషాల పని. ముందు వైపు ఎరుపు, నీలం లైట్లు వద్దు. నంబర్ ప్లేట్ మీద రంగు కవర్ తీసేయండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ తీసి రేసింగ్ స్టీరింగ్ పెట్టుకున్నవాళ్లు ఈ రోజే మార్చండి. నోటీసు సంగతి పక్కనపెట్టినా, గుద్దుకున్నప్పుడు ముఖాన్ని కాపాడేది అదే.

పి ప్లేటు మీద ఉన్నవాళ్లకి, అంటే కొత్తగా ప్రొబేషనరీ లైసెన్స్ వచ్చినవాళ్లకి, ఇంకో గీత ఉంది. టన్ను బరువుకి 130 కిలోవాట్లకి మించిన శక్తి ఉన్న కారు, శక్తి పెంచడానికి ఇంజిన్ మార్చిన కారు విక్టోరియాలో వాళ్లు నడపకూడదు. సర్టిఫికెట్ ఉన్నా ఇది మారదు.

నాలుగో పని: సర్టిఫికెట్ కావాలంటే ముందు ఇంజినీర్, తర్వాత వర్క్‌షాప్

విక్టోరియాలో మార్పుని పరీక్షించి సర్టిఫికెట్ మీద సంతకం చేసే ఇంజినీర్లని వ్యాస్ సిగ్నేటరీలు అంటారు. జాబితా రిజిస్ట్రేషన్లు చూసే విక్‌రోడ్స్ దగ్గర ఉంటుంది. అందరూ అన్నీ చూడరు. ఇంజిన్ మార్పులు చూసేవాళ్లు కొందరు, సస్పెన్షన్ చూసేవాళ్లు కొందరు. ఫోన్‌లోనే మీ మార్పు, కారు మోడల్, సంవత్సరం చెప్పి "దీనికి మీరు సంతకం చేస్తారా, ఏమేం కావాలి?" అని అడగండి.

చాలామంది ఇది తలకిందులుగా చేస్తారు. వర్క్‌షాప్ మాట విని వేల డాలర్లు పోసి భాగాలు మార్చాక ఇంజినీర్ దగ్గరికెళ్తారు. "ఇంజిన్ పెద్దదైంది, బ్రేకులు కూడా పెంచాలి" అని ఆయనంటే మళ్లీ మొదటికే. ముందు ఇంజినీర్‌తో మాట్లాడి, ఆయన చెప్పింది రాతలో తీసుకుని, ఆ కాగితం వర్క్‌షాప్‌కి ఇవ్వండి. పని జరుగుతుండగా ఫోటోలు, ప్రతి భాగం బిల్లు దాచండి. లోపల కలిసిపోయిన వెల్డింగ్ తర్వాత ఎవరికీ కనబడదు.

గడువు సరిపోదనిపిస్తే చివరి రోజు దాకా ఆగకండి. నోటీసు మీద ఉన్న ఆఫీసుకి ముందే ఫోన్ చేసి, ఇంజినీర్ అపాయింట్‌మెంట్ తేదీ చూపించి, ఏం చేయాలో అడగండి. పొడిగింపు ఇస్తారన్న హామీ నేనివ్వలేను, కానీ గడువు దాటాక చెప్పుకునే మాటకి విలువ ఉండదు.

ఐదో పని: తనిఖీ, క్లియరెన్స్

నోటీసులో ఆర్‌డబ్ల్యూసీ, అంటే రోడ్‌వర్తీ సర్టిఫికెట్ అడిగితే లైసెన్స్ ఉన్న టెస్టర్ దగ్గరికెళ్లాలి. అక్కడ నోటీసులోని లోపాలే కాదు, కారు మొత్తం చూస్తారు. మూడు లోపాలతో వెళ్లిన కారుకి అరిగిన బ్రేకులు, పగిలిన రబ్బరు బుష్‌లు, పనిచేయని వైపర్ కలిసి జాబితా ఏడవుతుంది. అందుకే ముందు మీకు తెలిసిన మెకానిక్‌తో ఒకసారి చూపించుకోండి. ఫెయిలైతే జాబితా రాసిస్తారు. వాళ్లు చెప్పిన రోజుల్లో సరిచేసి తీసుకెళ్తే మళ్లీ మొత్తం పరీక్ష ఉండదు.

టెస్టర్‌కి నోటీసు చూపించకుండా సర్టిఫికెట్ మాత్రం తెచ్చుకుందామని అనుకోకండి. నోటీసు, వ్యాస్ సర్టిఫికెట్ ఉంటే అది, బిల్లులు ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఇవ్వండి. పాసయ్యాక నోటీసులో చెప్పినచోట ఆ కాగితాలు అందజేసి, క్లియర్ అయినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ చివరి కాగితం రాకముందే పని అయిపోయిందనుకుని ఊరుకున్నవాళ్లకి రెండు నెలల తర్వాత రిజిస్ట్రేషన్ సస్పెండ్ అయిందని లెటర్ వస్తుంది.

ఆఫీసర్ పొరపాటు అనిపిస్తే కూడా దారి ఇదే. కంపెనీ నుంచి వచ్చిన ఎత్తే తక్కువని, మీ సైలెన్సర్ పరిమితిలోనే ఉందని టెస్టర్ లేదా ఇంజినీర్ కొలిచి రాసిస్తే, ఆ కాగితం చూపించి క్లియర్ చేయించుకోవచ్చు. దాంతోపాటు ఫైన్ కూడా పడి ఉంటే, అదే రిపోర్టు జతచేసి ఫైన్‌ని సమీక్షించమని విడిగా అడగండి.

మిగతా రాష్ట్రాల్లో

న్యూ సౌత్ వేల్స్‌లో ఇంజినీర్ పనిని వీఎస్‌సీసీఎస్ పథకం కింద లైసెన్స్ ఉన్న సర్టిఫయర్లు చూస్తారు. క్వీన్స్‌లాండ్‌లో అనుమతి పొందిన వ్యక్తి మార్పుని పరీక్షించి కారుకే ఒక మాడిఫికేషన్ ప్లేటు బిగిస్తారు. ఆ ప్లేటు మీద రాసినది, కారులో ఉన్నది ఒకటేనా అని చూసుకోవాలి. పెర్త్ వైపు "ఓవర్ ద పిట్స్" అంటే తనిఖీ కేంద్రానికి వెళ్లడమని అర్థం.

కొనేముందు, అమ్మేముందు, ఇన్సూరెన్స్‌కి ముందు

ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రతి మార్పూ చెప్పండి. మీరు కొనక ముందు జరిగినవి కూడా. చెప్పకపోతే క్లెయిమ్ వేళ వాళ్లకి అదే కారణం దొరుకుతుంది. ప్రీమియం కొంత పెరిగినా నష్టం లేదు.

కొనేటప్పుడు "ఆర్‌డబ్ల్యూసీ లేకుండా అయితే ఐదొందలు తగ్గిస్తా" అనే మాట వింటారు. తగ్గించుకోవద్దు. ఆర్‌డబ్ల్యూసీ ఉన్నా అది ప్రాథమిక భద్రతా తనిఖీయే, కారు మొత్తం బాగుందన్న హామీ కాదు. రెండు డాలర్లు పెట్టి పీపీఎస్ఆర్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టర్‌లో కారు మీద అప్పు ఉందా, ప్రమాదంలో పాడై రైట్-ఆఫ్ అయిన కారా అన్న వివరాలు చూడండి. తర్వాత పగటి వెలుతురులో కారు దగ్గర ఈ పనులు చేయండి. కారు కింద అరచేయి అడ్డంగా నిలబెట్టి చూసి, ఖాళీ అనుమానంగా ఉంటే టేపుతో కొలవండి. డ్రైవర్ తలుపు దగ్గరి ప్లకార్డులో టైరు సైజు చదివి, టైరు మీదున్న దానితో పోల్చండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి వెనక నిలబడి వినండి. ఏదైనా మారినట్టు కనిపిస్తే అమ్మేవాళ్లని ఒకటే అడగండి: "దీనికి సర్టిఫికెట్ ఉందా?" ఉందంటే అక్కడికక్కడే ఫోటో తీసుకోండి. "ఇంట్లో ఉంది, తర్వాత పంపిస్తా" అంటే, పంపాకే డబ్బు బదిలీ చేయండి.